గాలి ఎంత కొట్టాలి

సోమవారం మధ్యాహ్నం గాలికొండ దాటి సుంకరమెట్ట వైపు దిగుతుంటే మా కారు జారింది. అప్పుడే చిన్న వాన పడి ఆగింది. మలుపు దగ్గర మా అయ్య స్టీరింగు కుడివైపు తిప్పాడు. కారు వినలేదు. వెనక భాగం లోయ వైపు పోయింది. నా తల అద్దానికి కొట్టుకుంది. రోడ్డు అంచున సున్నం వేసిన రాయికి జానెడు దూరంలో ఆగాం.

అయ్య చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

“పోయిన వారం కూడా ఇలాగే జారింది,” అన్నాడు చివరికి. “మీ తాతకీ ముందు సేతులే మాట ఇనడం మానీసాయి. నాకూ ఆ రోగం వొచ్చీసింది కాబోలు. ఇంట్లో సెప్పకు.”

తల ఊపాను. మాట్లాడకుండా ఉండడం నాకు కష్టం కాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా నా గొంతు వెనక బెంచీ దాటి రాదు.

మా అయ్య గంగరాజు ఇరవై రెండేళ్లు అరకు నుంచి ఎస్.కోటకి జీపు తోలాడు. లోపల పన్నెండు మంది, వెనక వేలాడుతూ అయిదుగురు, పైన పనసకాయలు. అంత బరువుతో దిగినా బండి మీద ఒక్క గీత పడలేదు. జీపు ముసలిదైపోతే అమ్మేసి, మూడు నెలల కింద ఎవరో వాడిన తెల్ల కారు కొన్నాడు. బొర్రా గుహలు చూడ్డానికొచ్చేవాళ్లని తిప్పుతున్నాడు.

అయ్య పెద్ద కూతురు, మా అప్ప రాజకుమారికి నెలలు నిండాయి. పురిటికి మా ఇంట్లోనే ఉంది. బిడ్డ అడ్డంగా ఉందనీ, గురువారం మధ్యాహ్నానికల్లా విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేరిపోవాలనీ డాక్టరమ్మ చెప్పింది. అయ్య కారులోనే వెళ్తానని అప్ప నెల రోజుల నుంచీ అంటూనే ఉంది.

మంగళవారం పొద్దున్న అంబలి తాగుతూ అయ్య, “మల్లేశుతో మాటాడీసాను. గురువారం ఎనిమిదింటికి ఆడి బండి వొస్తాది,” అన్నాడు.

మా అమ్మ కనక గరిటె ఆపింది. “మన బండికేటి రోగం?”

“ఆడిది పెద్ద బండి. అప్పకి కాళ్లు జాపుకోడానికి ఉంటాది.”

“మల్లేశు మలుపు మలుపుకీ పోను సెవికి పెట్టుకుని తోల్తాడు. కడుపుతో ఉన్న పిల్లని ఆడి సేతిలో పెడతావేటయ్యా?”

అయ్య గిన్నె కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. అప్ప నా వైపు తిరిగింది. “నన్ను ఎక్కించుకోడానికి అయ్యకి మనసొప్పడం లేదేటే?” అంది. కళ్లల్లో నీళ్లున్నాయి. కారణం నాకు తెలుసు. “ఏమో,” అన్నాను. ఆ రోజు డైరీలో “చెప్పొచ్చా?” అని ఒక్క ముక్క రాసి, మళ్లీ కొట్టేశాను.

బుధవారం నేను బడి నుంచి వచ్చేసరికి అయ్య బకెట్టూ గుడ్డా పట్టుకుని నిలబడ్డాడు. కారు కడగమన్నాడు. ఆదివారం చూడ్డానికి ఎవరో వస్తారట. అమ్మేసి కాఫీ తోటలో పని చూసుకుంటాడట. ఆ మాట మొక్కజొన్న ధర చెప్పినంత మామూలుగా చెప్పి వెళ్లాడు.

టైరు మీద బురద రుద్దుతుంటే చేతికి ఏదో తేడా తెలిసింది. మధ్యలో గీతలు అరిగిపోయి పలకలా నున్నగా ఉంది. రెండు అంచుల్లో మాత్రం గీతలు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. నాలుగు టైర్లూ చూశాను. నాలుగూ అంతే. అంటే టైరు మొత్తం నేలకి ఆనడం లేదు, మధ్యభాగమే ఆనుతోంది. మా బడిలో వాలీబాల్‌కి గాలి ఎక్కువైనప్పుడు నేల మీద నిలవదు, ఎటు పడితే అటు పోతుంది. అది గుర్తొచ్చింది.

తర్వాత డ్రైవరు వైపు డోరు తుడిచాను. డోరు తెరిస్తే, అది మూసుకునే చోట, మట్టి కింద ఒక కాగితం అంటించి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే బొమ్మలు కనిపించాయి. ఇద్దరు మనుషుల బొమ్మ దగ్గర ముందు టైర్లకి 33, వెనక టైర్లకి 33. అయిదుగురు మనుషులు, ఒక పెట్టె ఉన్న బొమ్మ దగ్గర ముందు 33, వెనక 36. టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలని కింద ఇంగ్లీషులో ఉంది. రెండుసార్లు చదివాను.

టైరు షాపులో మంగ్లు “గాలెంత?” అని అడిగినప్పుడల్లా అయ్య “యాభై” అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. మంగ్లు యాభై కొట్టేవాడు.

ఆ సాయంత్రం చెప్పాలని పశువుల పాక దాకా రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి అయ్య నన్ను చూడలేదు. రెండోసారి చూసి, “ఏటి గుంటా?” అన్నాడు.

“ఏం లేదు,” అని వచ్చేశాను. ఇరవై రెండేళ్లు బండి తోలిన మనిషికి నేనేం చెప్పాలి?

గురువారం తెల్లవారి ఆరింటికి మంచు ఇంకా రోడ్డు మీదే ఉంది. ఆ రోజు వెళ్లని కారుకి అయ్య అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. ఇంకో రెండు గంటల్లో మల్లేశు వచ్చేస్తాడు. జీపు సామాన్ల డబ్బాలోంచి గాలి చూసే గేజీ తీసుకుని వెళ్లి అయ్య ఎదురుగా నిలబడ్డాను.

“అయ్యా, గాలి.”

“గాలేటి?”

“టైర్లలో గాలి ఎక్కువైంది.”

“ఎక్కువేటి? దాని మీదే రాసుంది.” అయ్య కూర్చుని టైరు పక్కన ఉన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. “నాకు ఇంగ్లీసు రాదనుకుంటన్నావేటి? ఎం, ఏ, ఎక్స్. మన జీపు ఎనకాల రాసున్నదే. మ్యాక్సీ క్యాబు. పక్కనే యాభై ఒకటి. అంటే జీపుకి కొట్టినట్టు కొట్టమని. నానే ఒకటి తగ్గించి కొట్టిస్తన్నాను.”

ఆ మూడు అక్షరాలు జీపు వెనక పసుపు రంగులో ఇరవై రెండేళ్లున్నాయి. అయ్యకి బాగా వచ్చిన ఇంగ్లీషు మాట అదొక్కటే. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాలేదు. కానీ లోపల అప్ప బట్టలు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

“అది మ్యాక్సీ కాదయ్యా, మ్యాక్స్. మా పరీక్ష పేపరు మీద కూడా ఉంటాది. మ్యాక్స్ మార్కులు వంద అని. అంతకి మించి లేవని సెప్పడం. అన్నీ రావాలని కాదు.”

అయ్య నన్ను చూశాడు. “నీకెన్నొచ్చాయి లెక్కల్లో?”

“ముప్పై ఆరు.”

“వందకా?”

“ఊఁ.”

“మరి ఈ టైరుకి ఎన్ని రావాలంటావు?”

“అయిదుగురం ఎక్కితే ఎనకటోటికి ముప్పై ఆరు. ముందుటోటికి ముప్పై మూడు.”

“అయితే ముందు టైర్లు ఫెయిలన్నమాట,” అన్నాడు.

డోరు తెరిచి కాగితం చూపించాను. అయ్య బొమ్మలో మనుషుల తలలు వేలితో లెక్కపెట్టాడు. తర్వాత టైరు మధ్యలో నున్నటి చోట అరచెయ్యి ఆనించి కొంతసేపు అలాగే ఉంచాడు. “గేజీ ఇలా ఇయ్యి,” అన్నాడు.

ముందు టైర్లు రెండూ యాభై. వెనకవీ అంతే. రాత్రంతా మంచులో ఉన్నాక కూడా అంత ఉంది.

నేను మేకు మొనతో వాల్వులో పిన్ను నొక్కాను. గాలి బుస్సుమని వచ్చి వేళ్లకి చల్లగా తగిలింది. కొంచెం వదలడం, అయ్య గేజీ పెట్టి చూడడం. నలభై నాలుగు. నలభై. ముప్పై ఆరు. మూడో టైరు దగ్గర తొందరపడ్డాను, ముప్పైకి పడిపోయింది. అప్ప మొగుడు కామేష్ బావని లేపాం. దుప్పటి కప్పుకునే వచ్చి, బైకుకి కొట్టే పంపుని కాలితో తొక్కుతూ, “తెల్లారకుండా ఈ శిక్షేటి మావా? నానేటి తప్పు సేసాను?” అన్నాడు.

“మాటాడకుండా తొక్కు,” అన్నాడు అయ్య.

పని అయ్యాక ఇద్దరమే సోమవారం జారిన మలుపు దాకా వెళ్లాం. పైకెక్కి, బండి తిప్పుకుని, దిగాం. రోడ్డు తడిగానే ఉంది. మొదటిసారి నడిచినంత నెమ్మదిగా. రెండోసారి ఇంకొంచెం బేగి. మూడోసారి రోజూ దిగే వేగంతో దిగాడు. నేను సీటు అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మలుపు అయిపోయింది. అయ్య ఎటు తిప్పితే కారు అటు తిరిగింది.

పక్కకి ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించాడు. హారను గట్టిగా మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

“సేతులు బాగానే ఉన్నాయి గుంటా,” అన్నాడు.

“ఊఁ,” అన్నాను.

“మజ్జలో అరిగిపోనాయి, వొచ్చీ వారం నాలుగు టైర్లూ మార్పిద్దాం. ఇయ్యాల నెమ్మదిగా ఎల్దాం,” అంటూ ఫోను తీశాడు. “మల్లేశూ, ఒద్దురా. మా బండి బాగుపడ్డాది.”

ఇంటికి రాగానే అన్నీ తనే చెప్పేశాడు. అమ్మ వింటూ వింటూ చేటతో అయ్య భుజం మీద ఒక్కటి వేసింది. “రెండుసార్లు జారి నాకు సెప్పలేదా? అమ్మీసి తోటలోకి పోతాడంట! ఒలే స్వర్ణా, నువ్వూ దాచీసావా?” నేను గోడ వైపు తిరిగాను. అప్ప పొట్ట పట్టుకుని నవ్వింది. “పోనీలేమ్మా. ఎక్కించుకోడానికి బయమే గానీ ఇష్టం లేక కాదు కదా,” అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తొమ్మిదింటికి బయల్దేరాం. ముందు సీటులో బావ, వెనక అమ్మకీ నాకూ మధ్య అప్ప. అనంతగిరి వచ్చేసరికి అప్ప నిద్రపోయి నా భుజం మీద తల వాల్చేసింది. టైడా దగ్గర నా భుజం తిమ్మిరెక్కింది, కదల్లేదు. అయ్య ప్రతి మలుపుకీ హారను కొట్టి మెల్లగా తిప్పాడు. కారు దిగుతున్నట్టే లేదు.

కొండ దిగి బొడ్డవరలో టీ కోసం ఆపాం. బావ దిగి గేజీతో వెనక టైరు చూశాడు.

“మావా! నలభై చూపిస్తంది. ఎవరో గాలి కొట్టీసారు. వదిలీమంటావా?” అంటూ మేకు తీశాడు.

“ఒద్దు బావా!” అని అరిచాను. టీ కొట్టు దగ్గరున్న వాళ్లందరూ నా వైపు తిరిగారు. ముఖం మండిపోయింది కానీ ఆగలేదు. “వేడికి పెరిగింది. సల్లారితే మళ్లీ తగ్గిపోద్ది. వేడి మీద వదలకూడదు.”

“గుంట సెప్పింది కదా, ముట్టుకోకు,” అన్నాడు అయ్య.

నా అరుపుకి అప్పకి మెలకువ వచ్చింది. జుట్టు సర్దుకుంటూ కిటికీలోంచి చుట్టూ చూసింది. “ఏటైంది? ఘాటీ రోడ్డు మొదలైందేటి?”

“అయిపోనాదమ్మా,” అన్నాడు అయ్య.

“అబద్దం.” అప్ప నమ్మలేదు. కష్టం మీద వెనక్కి తిరిగి అద్దంలోంచి చూసింది. మేం దిగి వచ్చిన కొండలు నీలంగా, దూరంగా ఉన్నాయి. అప్ప వాటినీ అయ్యనీ మార్చి మార్చి చూసింది. అయ్య నవ్వాడు. సోమవారం నుంచి నేను ఆ నవ్వు చూడలేదు. గ్లాసు కిందపెట్టి, అందరికీ ఇంకో టీ చెప్పాడు.