ఎలీసమ్మ వంతు బిళ్ళ

పదిన్నర టీ రాకముందే ఎలీసమ్మ రెండు గంపలు నింపేసి మూడోది ముందుకు లాక్కుంది. ఎడమచేత్తో గుప్పెడు మిరపకాయలు అందుకోవాలి, కుడిచేత్తో ఒక్కోదాని తొడిమ విరిచి ఒళ్ళో వేసుకోవాలి, కాయను గంపలో పడెయ్యాలి. పదకొండేళ్ళుగా అదే పని చేస్తున్న చేతులకు కళ్ళతో అవసరం లేదు. ఖాళీగా ఉన్న కళ్ళు ఎదుటి వరుసలో ఒకామె చీర అంచు మీద చిన్న వెలుగు చుక్కను చూశాయి. ఆ చుక్క మెల్లగా సాగి, రంపపు పళ్ళలా వంకరలు తిరిగి, చూపులో కుడిపక్కంతా మిలమిలలాడింది.

ఇంకో అరగంటలో ఎడమ కణత లోపల మొదలవుతుందని ఆమెకు తెలుసు. మూతికి కట్టుకున్న గుడ్డ ముక్కు మీదకు లాక్కుని ఇంకో గుప్పెడు కాయలు అందుకుంది.

గుంటూరు బయట, నరసరావుపేట రోడ్డు పక్కన, రెండు చలి గోడౌన్ల మధ్య ఉంది ఆ రేకుల షెడ్డు. చలి గోడౌన్లను అక్కడ ఏసీలంటారు. గోడకు అవతల మిరపకాయలు చల్లగా పడుకుంటే, ఇవతల వాటి తొడిమలు తీసే ఇరవైరెండు మంది ఆడవాళ్ళు ఏప్రిల్ ఎండకు ఉడికిపోతుండేవాళ్ళు. ఫ్యాను వేస్తే కాయ ఆరి తూకం తగ్గుతుంది కాబట్టి ఫ్యాను లేదు. కిటికీలకు గోనెలు కొట్టేశారు. పొద్దున ఏడింటికి వాళ్ళను దించిపోయిన ఆటోలు మళ్ళీ సాయంత్రం ఆరింటికిగానీ రావు. మధ్యలో ఎవరి ప్రాణం ఎలా ఉన్నా ఆ నాలుగు గోడల మధ్యే ఉండాలి.

అది రెండువేల మూడో సంవత్సరం. ఎలీసమ్మకు నలభై ఒకటి. సన్నటి మనిషి, కణతల దగ్గర నరాలు పైకి కనిపిస్తుంటాయి, కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు ఎప్పటికీ ముడివీడవు. ఎప్పుడూ కోపంగా ఉంటుందని కొత్తవాళ్ళు అనుకునేవారు. పాపం, వెలుతురుకు ముడుచుకుని ముడుచుకుని ఆ మొహం అలా ఉండిపోయింది.

తలనొప్పి పద్నాలుగో ఏట పత్తి చేలో మొదలైంది. తల్లి శొంఠి అరగదీసి పట్టు వేసింది. తగ్గకపోతే, సింగరాయకొండ దగ్గర ఒకాయన ఒంటి తలనొప్పికి మంత్రం వేస్తాడని విని, తెల్లవారుజామునే తీసుకెళ్ళింది. పొద్దు పొడిచే వేళకు ఆయన పిల్లను తూర్పుకు తిప్పి నిలబెట్టి, ఆమె నీడ మీద కత్తితో మూడు గీతలు గీశాడు. పొద్దుటి ఎండ సూటిగా కళ్ళలో పడి ఎలీసమ్మ అక్కడే వాంతి చేసుకుంది. నొప్పి దిగుతున్న గుర్తే అన్నాడాయన. తిరిగొచ్చాక తల్లి మంత్రం వేయించిన సంగతి చర్చి అయ్యగారి దగ్గర ఒప్పుకుని ఏడిస్తే, ఆయన తన వంతుగా నుదుటికి నూనె రాసి ప్రార్థన చేశాడు. పెళ్ళయ్యాక అత్తగారు దానికి పనిదొంగ నొప్పి అని పేరు పెట్టింది. సముద్రపు గాలికి పోతుందని ఎవరో అంటే సంఘం ఆడవాళ్ళతో వాడరేవు వెళ్ళింది. నీళ్ళ మీద తళతళలు చూసి ఆ రాత్రీ మర్నాడూ చీకటి గదిలో దొర్లింది. భర్త జక్రయ్య మాత్రం ఏమీ అనేవాడు కాదు. మిర్చి యార్డులో బస్తాలు మోసి వచ్చి, ఆమె పడుకుని ఉంటే రేడియో కట్టేసి, తనే అన్నం వండుకునేవాడు.

ఇన్నేళ్ళలో నిజంగా పని చేసింది బిళ్ళ ఒక్కటే. మొదట్లో నెలకొకటి. తరవాత వారానికొకటి. ఈ షెడ్డులో చేరాక రోజూ.

కూతురు జాస్మిన్ పదో తరగతి పరీక్షల మధ్య కణత పట్టుకుని కూర్చోవడం చూసేవరకూ ఎలీసమ్మకు ఆ నొప్పి గురించి భయం లేదు. తన బతుకంతా ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచి బతకాలా అనిపించింది. పనికి ఒకపూట సెలవు పెట్టి పిల్లను తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. ముందు తల్లి సంగతి చెప్పమంది డాక్టరమ్మ.

"నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తాయా?"

ఇరవై ఏడేళ్ళలో ఆ మాట ఇంకొకరు అడగడం అదే మొదటిసారి. ఎలీసమ్మకు ఏడుపొచ్చింది.

"దీన్ని మైగ్రేన్ అంటారు. తలలో గడ్డా లేదు, పురుగూ లేదు. కొందరి మెదడు అలా పుడుతుంది. తల్లికుంటే బిడ్డకూ రావచ్చు. రోజుకెన్ని నొప్పి బిళ్ళలు వేస్తావు?"

"పని దగ్గర రెండండీ. ఎక్కువైతే ఇంటికాడ ఇంకో రెండు."

"అదే చెడగొట్టింది. రోజూ మింగితే ఆ బిళ్ళే మళ్ళీ నొప్పి తెస్తుంది. మానెయ్యి. మొదటి రెండు వారాలు నరకంగా ఉంటుంది, ఓర్చుకోవాలి. రాత్రిపూట ఈ చిన్న బిళ్ళ వేసుకో, ఇది నొప్పి రాకుండా చూసేది. వేళకు తిను, వేళకు పడుకో. నువ్వు చేసి చూపిస్తే నీ కూతురూ నేర్చుకుంటుంది." చీటీ రాస్తూ అడిగింది: "కడుపులో మంట ఉంటుందా? విరేచనం నల్లగా అవుతుందా?"

"మిరపకాయల్లో పనండీ. మంట లేకుండా ఎట్టా ఉంటది?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆ బిళ్ళలు కడుపునీ కోస్తాయమ్మా. లోపల రక్తం పోతున్నా పైకి తెలియదు," అంది.

ఎలీసమ్మ తల గురించి చెప్పిన ప్రతి మాటా గుర్తుపెట్టుకుంది. కడుపు మాట గేటు దాటేసరికి మరిచిపోయింది. ఇంటికొచ్చి, బిళ్ళ మానిన రోజుకొకటి చొప్పున క్యాలెండరు మీద బొగ్గుతో గీతలు పెట్టసాగింది. ఇవాళ్టికి పన్నెండు గీతలు. ఇంకో రెండు రోజులు నిలబడితే చాలు, ఇది తగ్గుతుందే అని జాస్మిన్‌కు చెప్పగలదు.

టీ వచ్చింది. వెనకే మేస్త్రమ్మ వెంకటరావమ్మ పసుపు రంగు డబ్బా పట్టుకుని వచ్చింది. బారు జడ, మెళ్ళో తాళం చెవుల గుత్తి, పెద్ద గొంతు. ఆ షెడ్డులో టీతోపాటు తలా ఒక నొప్పి బిళ్ళ ఇవ్వడం ఆమె పెట్టిన రివాజు. ఎదుటి వరుస మాబూబీకి నడుం, ఒకరికి మెడ, ఒకరికి తల, అన్నిటికీ అదే బిళ్ళ. తన సొంత డబ్బుతో కొంటుంది, అది కూడా నిజమే. వద్దన్న మనిషిని మాత్రం అనుమానంగా చూసేది. రెండేళ్ళ కిందట ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసమని ఎలీసమ్మ బిళ్ళ వద్దంది. మధ్యాహ్నానికి శుభ్రం చేసిన కాయల మీదే వాంతి చేసుకుంది. ఆ సీజనంతా ఆమె చోట ఇంకొకరు కూర్చున్నారు. ఈసారి అలా కాకూడదని ఆమె వద్దనడం మానేసింది. బిళ్ళ పుచ్చుకుని, మేస్త్రమ్మ ముందుకు కదలగానే, పక్కన కూర్చున్న అంకమ్మ చేతిలో పెట్టేది.

అంకమ్మ యాభై ఎనిమిదేళ్ళ పెద్దమనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి. లేవాలంటే ఎలీసమ్మ భుజమే ఆమెకు కర్ర. ఎలీసమ్మకు ఈ పని నేర్పింది ఆమే. తలనొప్పి వచ్చి ఎలీసమ్మ చేతులు ఆగిపోయిన రోజుల్లో, మేస్త్రమ్మ చూడకుండా తన గంపలో కాయలు దోసిళ్ళతో ఆమె గంపలో పోసేది. అలాంటి మనిషి మొదటిరోజే, "నీకొద్దయితే నాకియ్యవే. ఒకటి నా మోకాళ్ళకు ఆనటంలా," అంది. ఇద్దరి అవసరమూ తీరింది.

"ఇదిగో అత్తా," అంది ఎలీసమ్మ ఇవాళ కూడా.

అంకమ్మ రెండు బిళ్ళలూ ఒకేసారి నోట్లో వేసుకుని టీ తాగింది. పొద్దున్నుంచి ఆమె కడుపులో ఆ టీ తప్ప ఏమీ లేదు.

పదకొండింటికి ఎలీసమ్మ నొప్పి దిగబడింది. ఎడమ కన్ను వెనకనుంచి మెడ దాకా ఒకటే పోటు. రేకుల సందులోంచి పడే సన్నటి ఎండ చారను చూడలేకపోయింది. ఎవరో గంప ఈడ్చిన చప్పుడు పళ్ళలోకి పాకింది. మిరప ఘాటుకు అందరూ దగ్గుతున్నారు, ఒక్కొక్క దగ్గూ ఆమె తలలోనే మోగింది. పసుపు డబ్బా పది అడుగుల దూరంలో, మేస్త్రమ్మ కుర్చీ కింద ఉంది. అడిగితే చాలు, ఇస్తుంది. పదిహేను నిమిషాల్లో మనిషవుతుంది. పన్నెండు గీతలు చెరిపేసుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆమె పెదవి కొరుక్కుని తొడిమలు విరిచింది.

అన్నాల వేళ అంకమ్మ కారియర్ విప్పలేదు. గోడకు ఆనుకుని పొట్ట నొక్కుకుంటూ, "కాస్త మజ్జిగుంటే పొయ్యవే ఎలీసా. లోపలంతా బగ్గుమంటంది," అంది.

"గుంటూరు కాయ మధ్యన కూర్చుని మంటంటావేంది పిన్నీ," అని ఎదుటి వరుసలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అంకమ్మా నవ్వింది. ఆ షెడ్డులో మంట అనేది ఎవరూ చెప్పుకునే జబ్బు కాదు. చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, పసిపిల్లల తల్లులు రాత్రిళ్ళు పాలివ్వడానికి భయపడతారు. కడుపు మండితే మాత్రం వింతేముంది?

మజ్జిగ పోస్తూ ఎలీసమ్మ ఆమె మొహం చూసింది. నల్లటి మనిషి బూడిద పూసినట్టు పాలిపోయి ఉంది. డాక్టరమ్మ ఏదో అడిగింది, కడుపు గురించే, అనే ఆలోచన నొప్పి సందులోంచి ఒకసారి తొంగిచూసింది. ఎలీసమ్మ దాన్ని తోసేసింది. ఆ ఆలోచనను పట్టుకుంటే మూడింటికి వచ్చే బిళ్ళను ఏంచేయాలో తెలియదు. పారేస్తే కాయల్లో దొరుకుతుంది. కొంగున దాచుకుంటే నొప్పికి ఆగలేక తనే మింగేస్తుంది. మింగితే పోయింది. అంకమ్మ తీసుకోవాలి. ఇంకో రెండు రోజులే కదా.

మూడింటికి టీ వచ్చింది, డబ్బా వచ్చింది. అంకమ్మ తనే చెయ్యి చాపింది. ఎలీసమ్మ ఆమె మొహం చూడకుండా ఆ చేతిలో బిళ్ళ పెట్టింది.

నాలుగు దాటాక ఒక వింత జరిగింది. దగ్గు వినిపించింది, తలలో మోగలేదు. ఎలీసమ్మ భయంభయంగా ఎండ చార వైపు చూసింది. చూడగలిగింది. మెడ అటూ ఇటూ తిప్పింది. పోటు సన్నగిల్లి, సన్నగిల్లి, ఎక్కడుందో వెతుక్కోవలసినంతకు వచ్చింది. బిళ్ళ లేకుండా, చీకటి గది లేకుండా, పని ఆపకుండా నొప్పి దానంతటది పోయింది. షెడ్డు గోడలు కొంచెం దూరం జరిగినట్టు అనిపించింది. ఆమెకు గట్టిగా నవ్వాలనిపించింది.

"అత్తా! తగ్గిందే," అంటూ పక్కకు తిరిగింది.

అంకమ్మ తన చోట లేదు. వెనక పేర్చిన బస్తాలకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నిద్రపోతున్నట్టు ఒరిగి ఉంది. వాంతి వస్తే కాయలు పాడవుతాయని కొంగులోనే పట్టుకుంది. ఆ కొంగు నల్లగా, కాఫీ డికాషన్‌లో ముంచినట్టు తడిసిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

గోడౌనుకు కాయలు తెచ్చిన ట్రాలీ ఆటో ఒకటి దొరికింది. మేస్త్రమ్మ, ఇంకో ఇద్దరు ఎత్తి పడుకోబెట్టారు. ఎలీసమ్మ ఎక్కబోతే మేస్త్రమ్మ ఆపింది. ఆరింటికి సరుకు లారీకెక్కాలి. మిగిలినవాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. తొడిమలు విరుగుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.

అయిదుంపావుకు గోడౌను వాచ్‌మన్ చెంచయ్య గుమ్మం దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా, "ఫోనొచ్చిందండీ. దారిలోనే పోయిందంట," అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎవరూ ఏడవలేదు. కాసేపు చేతులు ఆగాయి. "వడదెబ్బ," అంది వెంకటరావమ్మ. ఆమె గొంతు మొదటిసారి చిన్నగా వినిపించింది. "ఎవరడిగినా అదే చెప్పండి. ఎండలట్టా ఉన్నాయి."

ఎలీసమ్మ లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. తల తేలిగ్గా, తెరిపిగా ఉంది. నొప్పి ఉన్నా బాగుండేది, ఇంత స్పష్టంగా ఆలోచించనిచ్చేది కాదు. ఉందేమోనని కణత నొక్కి చూసుకుంది. లేదు.

"మేస్త్రమ్మా, నా బిళ్ళలు కూడా అంకమ్మత్తే మింగిందండీ. పన్నెండు రోజులుగా. నేనే ఇచ్చాను."

వెంకటరావమ్మ కుర్చీ కింది డబ్బా వైపు చూసి, తరవాత ఎలీసమ్మ వైపు చూసింది.

"నీకు తగ్గిందా?"

"తగ్గిందండీ."

"అయితే పోయి కూర్చో. ఈ మాట ఇంకెవరితోనూ అనమాక. రేపు ఆ నడుంనొప్పి మాబూబీని నీ పక్కన కూర్చోబెడతాలే."

ఎలీసమ్మ వెళ్ళి కూర్చుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇంటికి వెళ్ళేసరికి జాస్మిన్ గుమ్మంలో ఉంటుంది. ఎట్టా ఉందే అమ్మా అని అడుగుతుంది. తగ్గిందని చెప్పాలి, అది నిజం కూడా. ఆ పిల్ల సంబరపడుతుంది. అంకమ్మమ్మతో చెప్పావా అంటుంది.

ఆరింటికి బయట ఆటోలు హారన్లు కొట్టాయి. ఆడవాళ్ళు చీరలు దులుపుకుని ఒక్కొక్కరే బయటికి నడిచారు. అంకమ్మ గంపలో కాయలను ఎవరో లాటులో కలిపేశారు, ఆమె గోనెను దులిపి మడతపెట్టారు. దులిపినప్పుడు జారిపడింది కాబోలు, అరిగిన గోటికి దెబ్బ తగలకుండా ఆమె బొటనవేలికి తొడుక్కునే సైకిల్ ట్యూబు ముక్క నేల మీద నిలబడి ఉంది, వేలి వంపు ఇంకా పోలేదు, లోపల చెమట ఇంకా ఆరలేదు.