మాసినా కానరాని రంగు

వంటింటికి ముదురు రంగు వేయించే మగమహారాజులారా, ఈ నేరం మీది. "మాసినా కానరాదు" అంటారు. ఎవరికి కానరాదు? గడప దాటి లోపలికి రాని మీకు. పొద్దంతా అందులో నిలబడేదానికి ఆ చీకటి కానవస్తూనే ఉంటుంది.

జగిత్యాలలో జగపతిరావు ఇంట్లో వంటగది గోడలది ఇరవై ఎనిమిదేళ్లుగా కాఫీపొడి రంగు. ఆయన భార్య సత్యవతి పట్టపగలు లైటు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతుంది. ఇంటికి రంగులు వేయిస్తున్నారని తెలిసినప్పుడు ఆమె కోరుకున్నది ఒక్కటే, ఆ గదికి కాస్త వెలుతురు.

కోరుట్ల పెయింటర్ అబ్రార్ షేడ్ కార్డు తెచ్చిన రోజు హాల్లో జగపతిరావు, ఆయన తమ్ముడు శ్యాంసుందర్ కూర్చున్నారు. సత్యవతి టీలు ఇచ్చి, వంగి ఒక గడి మీద వేలు పెట్టింది. లేత లావెండర్. వంకాయ పువ్వును పాలలో ముంచి తీసినట్టుంది. చూస్తేనే కండ్లు చల్లబడ్డాయి.

"గిది వంటింట్లకు కొట్టియ్యుండ్రి."

జగపతిరావు నవ్వాడు. "పోపు పొగకు నాలుగొద్దులల్ల నల్లగైతది. రంగుల సంగతి నీకేం ఎరుక?"

శ్యాంసుందర్ కార్డు లాక్కున్నాడు. "అన్నా, హైదరాబాద్ ఫ్లాట్లల్ల గిప్పుడు గిదే నడుస్తుంది. హాల్ల కొట్టిద్దాం. వదినెకు పాత రంగే మంచిగ, మాసినా కానరాదు."

రంగుల సంగతి ఆమెకేం ఎరుకట! జీతగాళ్లు మానేశాక, డబ్బా రంగులు వచ్చేదాకా, ప్రతి దసరాకూ ఈ ఇంట్లో మిగతా గోడలకు సున్నం వేసింది ఎవరు? నూనె డబ్బాలో సున్నం నానబెట్టి, చిటికెడు నీలిమందు కలిపి, చీర కుచ్చిళ్లు ఎగదోపి నిచ్చెనెక్కింది ఎవరు? "నీలి ఎక్కువైతే గోడ ఏడ్చినట్టుంటది బిడ్డా" అని అత్త కింద నిలబడి అరిచేది. మెడలు పట్టుకుపోయేవి, గోర్లు పగిలేవి. అప్పుడు ఒక్క మగవాడూ గోడ వైపు చూడలేదు. సున్నంగా ఉన్నన్నాళ్లు గోడ ఆడదాని చాకిరీ. డబ్బా మీద కంపెనీ పేరు పడగానే అది మగవాడి తెలివి అయింది!

పని మొదలైన రోజు అబ్రార్ గోడను గోటితో గీకి చూశాడు. "సార్, కింద పసుపు రంగున్నది. గీకి, తెల్ల ప్రైమర్ కొట్టాలె. లేకుంటే ఈ లేత రంగు మురికైతది."

"సున్నానికైనా గంతే," అంది సత్యవతి వంటింటి గడపలో నిలబడి.

"మొగోళ్లు మాట్లాడుతుంటే నడుమ నువ్వేంది? ఆదివారం మా కుల సంఘం నుంచి నలభై మంది భోజనానికి వస్తున్నరు. టైం లేదు. డైరెక్టుగ కొట్టు, అబ్రార్," అన్నాడు జగపతిరావు.

ఆ సాయంత్రమంతా జగపతిరావు ఫోన్లో ఒకటే మాట. "లావెండర్ కొట్టిస్తున్న. నా సెలక్షనే."

మూడో నాటికి గోడ ఆరింది. పసుపు లోపలి నుంచి తన్నుకొచ్చింది. హాలంతా పదేళ్లు ఉతికిన లుంగీ రంగు! పక్కింటి లచ్చవ్వ కిటికీలో నుంచి చూసి, "బూడిద రంగు ఏసిండ్రా ఏంది?" అంది.

జగపతిరావు మొహం మాడింది. అబ్రార్‌ను ఏమీ అనలేదు. వంటింటి వైపు తిరిగాడు.

"ఆడిదాని మాట ఇంటే గిట్లనే అయితది. నీ సెలక్షనే గదా!"

శ్యాంసుందర్ కిసుక్కున నవ్వాడు. అబ్రార్ తల దించుకున్నాడు.

పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. ఇలాంటి నిందలు ఎన్నిసార్లు! కూర కుదిరితే వాళ్లమ్మ నేర్పిన రుచి, ఉప్పు ఎక్కువైతే ఈమె పరధ్యానం. కొడుకు ఫస్ట్ క్లాసులో పాసైతే రావు గారి రక్తం, తప్పితే తల్లి గారాబం. ప్రతిసారీ ఆమె ఏడ్చింది, లేదా నోరు మూసుకుంది. ఈసారి ఆ రెండూ రాలేదు. సత్యవతికే వింతగా అనిపించింది, ఆ నింద ఎంత తేలికగా ఉందో. అవును, తన సెలక్షనే. తనదైతే చెప్పే హక్కూ తనదే.

స్టవ్ ఆపింది. హాల్లోకి వచ్చి, మగవాళ్ల నడుమ సోఫాలో వెనక్కి వాలి కూర్చుంది. శ్యాంసుందర్ ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"మంచిది. నా సెలక్షనే. ఎట్ల కొట్టాల్నో గూడ నేనే చెప్త. ప్రైమర్ వద్దన్నది మీరు. నేను గాదు, అబ్రార్ గాదు."

"ఆదివారం వచ్చేటోళ్ల సంగతేంది? వంట?" జగపతిరావు గొంతు సన్నబడింది.

"హోటల్ కెల్లి తెప్పియ్యుండ్రి. ఆ చీకట్ల నలభై మందికి వండుడు నాతోని గాదు. హాలు బూడిద రంగులున్నా మీ సంఘపోళ్లకు అన్నం దిగుతది." ఆమె అబ్రార్ వైపు తిరిగింది. "అబ్రార్, ముందుగాల వంటింటి గోడలు గీకు. ప్రైమర్ ఒక కోటు, ఆరినంక లావెండర్ రెండు కోట్లు. హాలు సంగతి తర్వాత." మళ్లీ మొగుడి వైపు చూసింది. "మీరు లేవుండ్రి. అటకల మీది గిన్నెలన్ని మీ చేతులతోని దించుండ్రి. శ్యాం, నువ్వు సిలిండర్ మొయ్యి. రేపు గాదు, ఇప్పుడే!"