సరిహద్దు లోపలి టేపు

వర్దియా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లోని విదేశీ గూఢచార విభాగంలో ఆమెది ఇరవై ఆరేళ్ల సర్వీసు. దక్షిణాన ఎడారి అవతల ఆయుధాలు ఎవరు తెస్తున్నారో, ఎవరు ఎవరిని ఎత్తుకుపోయారో అక్కడి రేడియో మాటలు విని అరబ్బీలో రాసివ్వడం ఆమె పని. ఎడారి జనం మాట్లాడే తువారెగ్, తన ఇంటి భాష కబైలీ, రెండూ వచ్చినది ఆ అంతస్తులో ఆమె ఒక్కతే.

ఈ ఉదయం టేపులో ఎడారి లేదు. ఇద్దరు ఆడవాళ్లు కబైలీలో మాట్లాడుకుంటున్నారు. మూడు నెలలుగా కొళాయిల్లో చుక్క నీరు లేదనీ, గురువారం ఖాళీ డబ్బాలతో తిజీ ఊజూ పట్టణంలోని నీటి కార్యాలయం ముందు కూర్చుందామనీ ఒకామె అంటోంది. మధ్యలో ఎవరి కోడలి వంట గురించో చెప్పుకుని పగలబడి నవ్వుకున్నారు.

వర్దియా నేరుగా అధికారి బూజిద్ గదికి వెళ్లింది. ఆయన కొత్తగా వచ్చినవాడు.

"బూజిద్ గారూ, ఇది పొరపాటున నా బల్ల మీదికి వచ్చినట్టుంది."

"పొరపాటేం కాదు వర్దియా గారూ. సాయంత్రానికల్లా పేర్లతో సహా రాసివ్వండి."

"వీళ్లు మన దేశపోళ్లు. ఉన్నదీ మన దేశంలోనే. మనది విదేశీ విభాగం కదండీ?"

"వెనక బయటివాళ్ల హస్తం ఉందేమో! ఎవరికి తెలుసు?"

"నేను విన్నంతవరకు వాళ్ల వెనకున్నది ఎండిపోయిన కొళాయి ఒక్కటే."

బూజిద్ మొహం ఎర్రబడింది. "రిటైరవడానికి ఇంకా ఎన్నేళ్లుంది మీకు?"

"నాలుగు. తెలుసుకోవాలని అడుగుతున్నారా, బెదిరిస్తున్నారా?"

ఆయన తలుపు వైపు చూపించాడు.

వర్దియా తన గదికి తిరిగి వచ్చింది. పోసుకున్న కాఫీ చల్లారిపోయింది. కాసేపటికి అనువాదం రాసే కాగితం ముందుకు లాక్కుని రెండే వాక్యాలు రాసింది: "మాట్లాడినవారు దేశ పౌరులు, దేశంలోనే ఉన్నారు. వీరి మాటలు వినే అధికారం ఈ విభాగానికి లేదు." కింద పూర్తి పేరుతో సంతకం చేసి, కాగితాలు నమోదు చేసే ముసలి మెజ్యాన్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టాడు. "ఏం రాశావో చూసుకున్నావా తల్లీ?"

"రెండుసార్లు చూసుకున్నా బాబాయ్. ముద్ర కాస్త గట్టిగా వెయ్యి."

ముద్ర పడ్డ కాగితాన్ని చింపే వీల్లేదు. అది తెలిసి బూజిద్ అందరి ముందూ కేకలేశాడు. మర్నాటి నుంచి వర్దియాను విదేశీ పత్రికల్లోని వార్తలు కత్తిరించే గదిలోకి తోసేశాడు. కిటికీ లేని గది. కొందరు పలకరించడం మానేశారు. మొదటి వారం ఇంటికెళ్లి ఏడ్చింది కూడా. క్షమాపణ రాసిస్తే పాత బల్ల ఇస్తామని రెండుసార్లు కబురొచ్చింది. రెండుసార్లూ కత్తెర పక్కన పెట్టకుండానే కుదరదంది.

నెల తిరిగేసరికి బూజిద్ స్వయంగా దిగి వచ్చాడు. సరిహద్దు దాటిన ముగ్గురు లారీ డ్రైవర్లు కనిపించడం లేదు. ఎత్తుకుపోయినవాళ్ల రేడియో మాటలు పట్టుకున్నారు గానీ అర్థం చేసుకునే దిక్కు లేదు.

వర్దియా కత్తెర పక్కన పెట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. భోజనానికి కూడా లేవకుండా విని, డ్రైవర్లను దాచిన చోట ఉన్న ఎడారి బావి పేరు పట్టుకుంది. సాయంత్రానికి డ్రైవర్లు ప్రాణాలతో ఉన్నారని కబురొచ్చింది.

"చూశారా, ఇలా చెప్పినట్టు వింటే ఎంత బావుండేది!" అన్నాడు బూజిద్.

"మీరు చెప్పారని చెయ్యలేదండీ, ఇది నా పని గనక చేశాను. ఆ టేపు మళ్లీ తెస్తే మళ్లీ అదే రాస్తాను. ఈసారి ఇంకాస్త పెద్ద అక్షరాలతో."