తూర్పు ముఖం

మా మామగారు తవ్విన గొయ్యి ఖాళీగా ఉన్నా తల ఎటో, కాళ్లెటో ఇట్టే చెప్పేయొచ్చు. భుజాలు పట్టేలా పడమటి చివర వెడల్పు, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి సన్నం. మా సమాధుల తోటలో అందరూ తూర్పుకి కాళ్లు పెట్టుకునే పడుకుంటారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు, బూర మోగగానే లేచి నిలబడితే ఎదురుగా ఆయన ముఖమే కనబడాలి. మామగారికి ఇదెంత పట్టింపంటే, మా పెళ్లైన కొత్తలో మంచం కూడా అలాగే వేయించారు. రాకడ నిద్రలో వస్తే ఎలా అన్నారు. నా మొగుడు నవ్వాపుకోలేక బయటికి పారిపోయాడు.

ఆ మొగుణ్ణి దున్న చంపేశాడు.

దున్న అంటే మా సంఘంలోని ఇస్త్రీ పెద్దమ్మ కొడుకు. భుజంతో తోసి ఎవరిదో గేటు విరగ్గొట్టినప్పటి నుంచి వాడికా పేరు. తోట పక్కన గోడౌన్ కట్టుకున్న వ్యాపారికి మా తూర్పు గోడ అడ్డొచ్చింది. గోడ వెంట ఉన్న సమాధుల్ని చదును చేయమని మనుషుల్ని పంపాడు, అందరికంటే ముందు దున్నని. నా మొగుడు వెళ్లి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. చేతిలో గునపం ఉంది కానీ ఎత్తలేదు. దున్న దాన్ని లాక్కుని ముందు మోకాలి మీద కొట్టాడు. కింద పడ్డాక తల మీద కొట్టాడు. ఒక్క దెబ్బకే ప్రాణం పోయి ఉంటుంది, అయినా ఆపలేదు. మామగారు అప్పుడు ఇంకెవరికో గొయ్యి తవ్వుతూ లోపల ఉన్నారు. పైకి ఎక్కబోతే అంచు మట్టి విరిగి మళ్లీ లోపలే పడ్డారు. నేను నీళ్ల బిందె వదిలేసి పరిగెత్తాను. తల ఒళ్లోకి తీసుకుంటే నా వేళ్లు పోకూడనంత లోపలికి పోయాయి. ఆ మెత్తదనం నా చేతుల్ని ఇప్పటికీ వదల్లేదు.

కేసు పెట్టాం. చూసినవాళ్లంతా మేం చూడలేదన్నారు. దున్న బయటికొచ్చి మా గేటు ముందే మీసం దువ్వుకుంటూ తిరిగాడు. మామగారు మాత్రం గోడ పక్కన కొడుకు గొయ్యి తనే తవ్వి, తనే పూడ్చి, ప్రభువు చేతిలో పెట్టాను, ఆయనే చూసుకుంటాడు అని మర్నాటి నుంచి పనిలోకి వెళ్లారు. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకొడుకు పోతే ఒక్క శాపనార్థం కూడా పెట్టలేని నోరు ఎందుకని ముఖం మీదే అడిగేశాను. ఆయన అన్నం తినడం ఆపారు. కాసేపటికి మళ్లీ తిన్నారు.

ఎండాకాలం మొదట్లో దున్నని వాడి మనుషులే నరికేశారు. ఆ వ్యాపారితోనే ఏదో చెడిందట. ఎండ నడినెత్తి మీద ఉండగా పెద్దమ్మ తన ఇస్త్రీ బండి మీద, దుప్పట్లో చుట్టిన కొడుకుని వేసి తోసుకుంటూ వచ్చింది. వెంట ఒక్క మనిషి కూడా లేడు. పాస్టరుగారికి సరిగ్గా ఆ వేళకే జ్వరం తగులుకుంది. ఆసుపత్రిలో కుట్లేసి ఇచ్చినా దుప్పటి తడిసే ఉంది. ఒక చెయ్యి మోచేతి దగ్గర విడిపోయి పక్కన పెట్టి ఉంది.

నేను పార అందుకున్నాను. ఎందుకని అడగకండి, చచ్చినవాణ్ణి మళ్లీ చంపుదామనే. దుప్పటి మీద ఒక్కటి వేశాను కూడా. పెద్దమ్మ అడ్డం రాలేదు, బండి పడిపోకుండా పట్టుకుని నిలబడింది, అంతే. రెండోది వేసేలోపు మామగారు నా మణికట్టు మెలిపెట్టారు. పార జారిపోయింది. తవ్వాలి, దాన్ని పాడు చేయకు అని మాత్రం అన్నారు.

ఎప్పుడూ మట్టిని పేర్చినట్టు ఒక పక్కన వేసే మనిషి, ఆ రోజు విసిరికొట్టారు. రాయి అడ్డొస్తే పెకలించకుండా గునపంతో ముక్కలు ముక్కలు చేశారు. అరచేతులు చిట్లి పార కర్ర ఎర్రబడింది. నీళ్లిస్తే తీసుకోలేదు. గొయ్యి ఆయన ఛాతీ లోతుకి దిగాక అప్పుడు గమనించాను. వెడల్పు తూర్పు చివర ఉంది.

పొరపాటేమో అనుకున్నాను. ఆయన నా వైపు చూసి చూపు దించేసుకున్నారు. పొరపాటు కాదు. బూర మోగిన రోజున అందరూ లేచి ప్రభువుని చూస్తుంటే దున్న ఒక్కడు ఆయనకి వీపు పెట్టి, గేటు వైపు బిక్కమొహం వేసుకుని నిలబడాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి మామగారు నా మనిషనిపించారు.

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఆ ముసలిదానికి తెలియకుండా పూడ్చేస్తే నాకేం తృప్తి?

"చూసుకో పెద్దమ్మా," అన్నాను. "నీ కొడుకు తల తూర్పుకి పెడుతున్నాం. రేపు వాడు లేచినా దేవుడి ముఖం చూడడు."

పెద్దమ్మ గోతి అంచుకి వచ్చి లోపలికి చూసింది. ఆమె భర్త గొయ్యి తవ్విందీ మామగారే, తల ఎటుండాలో ఆమెకు చెప్పక్కర్లేదు. ఏడుస్తుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"తప్పు చేస్తున్నావు తమ్ముడూ," అంది మామగారితో. "వాడి బతుకంతా అదే పని. కొట్టడం, వెనక్కి తిరిగి పోవడం. నన్ను కొట్టినప్పుడూ అంతే, నా ముఖం చూసేవాడు కాదు. చచ్చాక కూడా తప్పించుకోనిస్తావా? తిప్పి పెట్టు. వాడు లేచి ఆయన కళ్లలోకి చూడాలి. ఏం చేశావురా అని ఆయన అడగాలి. ఆ తర్వాత ఉంచుకుంటాడో తోసేస్తాడో ఆయనిష్టం. అది నీ చేతుల్లో లేదు, కన్నదాన్ని నా చేతుల్లోనూ లేదు."

మామగారి గొంతులోంచి వచ్చిన అరుపు మనిషిదిలా లేదు. గునపం ఎత్తి గోతి గోడని పొడిచారు, మళ్లీ పొడిచారు, మట్టి పెళ్లలు ఆయన మీదే పడుతున్నా ఆపలేదు. నా మొగుడి మీద పడ్డ ఆ దెబ్బల చప్పుడు నాకు మళ్లీ వినబడింది. చివరికి గునపం వదిలేసి గోడకి నుదురు ఆనించారు.

"ఆయనే చూసుకుంటాడని అందరికీ చెప్పానమ్మా," అన్నారు నాతో. "చూసుకోడేమోనని లోపల భయం. అందుకే నేనే చూసుకుందామనుకున్నాను."

ఆయన కొడుకు పోయిన రోజు కూడా ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తూనే పడమటి చివర వెడల్పు చేయడం మొదలుపెట్టారు. దున్న భుజాలు పట్టాలంటే చాలా మట్టి కొట్టాలి.

శవాన్ని దించేటప్పుడు గోతిలో నిలబడి తల అందుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ పని ఎప్పుడూ నా మొగుడిది. మామగారు పైకెక్కి అటూ ఇటూ చూశారు. ఉన్నది మేం ముగ్గురమే. నేనే దిగాను.

పైనుంచి వాళ్లిద్దరూ దించారు. బరువంతా నా మీదికి వచ్చింది. తల రెండు చేతుల్లోకి తీసుకుంటే కుట్ల మధ్య అదే మెత్తదనం. వదిలేద్దామనిపించింది, రాయి మీద పడి పగిలినా అడిగేవాళ్లు లేరు. పళ్లు బిగబట్టి మెల్లగా పడమటి చివర ఆనించాను. ముఖం మీది దుప్పటి తొలగించి, అంచుతో కళ్ల మీద రాలిన మట్టి తుడిచాను. చూడాల్సినవి చాలా ఉన్నాయి వాడికి, ఏదీ అడ్డం ఉండకూడదు.

వాడి కాళ్ల అవతల తూర్పు గోడ, గోడ పక్కన నా మొగుడి సమాధి. చెవి దగ్గర వంగి, వాడికి మాత్రమే చెప్పాను.

"నా మొగుడు నీకంటే ముందే లేస్తాడు. నీకోసం ఒకసారి వెనక్కి తిరుగుతాడు. నువ్వు పగలగొట్టిన తల మళ్లీ నిండుగా ఉంటుంది. బాగా చూసుకో."

మామగారు చెయ్యి అందించారు. ఈసారి అంచు విరగకుండా మోకాలు గట్టిగా ఆనించి, నన్ను పైకి లాగారు.