దక్షిణం వైపు చేపలు

చలికాలం వచ్చిందంటే మా పల్లె పోఖరియా టోలాలో ఆడవాళ్ళంతా అరుగుల మీద బొమ్మలు వేలాడదీస్తారు. పట్నా నుంచీ దర్భంగా నుంచీ వచ్చినవాళ్ళు ఇంటింటికీ తిరిగి చూస్తారు, టీ తాగుతారు, నచ్చినవి పట్టుకుపోతారు. మా బొమ్మల్లో చేపలు, గీసిన మనిషి ఎటుంటే అటే మొహం పెడతాయి. అందుకని ఎవరి బొమ్మల దగ్గర వాళ్ళు కూర్చోవాలి, అదీ మా పద్ధతి.

ఈసారి పట్నా గ్యాలరీ నుంచి అర్పణ అనే ఆవిడ వస్తోంది. ఊరు మొత్తం మీద ఒక్కరి బొమ్మలే తీసుకెళ్ళి, పేరు రాసి గోడకెక్కిస్తుందట. ఆ పేరు తనదే కావాలని పెద్దింటి తోటికోడళ్ళు విభకీ నూతన్‌కీ అన్నం సయించడం లేదు.

తెల్లారేసరికి ఇద్దరూ అరుగుకి దక్షిణం చివరే పీటలు వేసుకున్నారు, మోచేతులు రాసుకునేంత దగ్గరగా.

"ఎండ కళ్ళల్లో పడుతోందిగా, ఇటు నీడలోకి రావే," అంది విభ, పొద్దెక్కాక.

"నాకు చలేస్తోందక్కా. నువ్వే వెళ్ళు."

"నాకూ చలే."

ఇద్దరూ చెమట తుడుచుకున్నారు. ఇది చస్తే లేవదు, ఏదో మతలబు ఉంది అనుకుంది విభ. నూతన్ కూడా సరిగ్గా అదే అనుకుంది.

మతలబు ఫూల్‌పరి. ఆ ఇంటి అరుగు అలికే మనిషి, ఉండేది దక్షిణపు వాడలో; ఆమె ఇంట్లో ఉంటే చేపలన్నీ అటే చూస్తాయి. విభ ఆమెని పశువులపాకలో కూర్చోబెట్టి గీతలు గీయించుకునేది, నూతన్ పెరటి గదిలో. ఒకరి సంగతి ఇంకొకరికి తెలీదు. పైన రంగులు నింపి, కింద తమ పేరు పెట్టుకునేవాళ్ళు.

నిన్న విభ ఆమెతో, "రేపు రాకు, మీ వాడలోనే ఉండి మీ అక్కని చూసుకో," అంది. కాసేపటికి నూతన్ ఆపి, "రేపు సెలవు తీసుకో, నీరసంగా ఉన్నావు," అంది. పదకొండేళ్ళలో సెలవన్న మాటే వినని మనిషికి ఒకేసారి రెండు సెలవులు! అనుమానం రాదూ మరి?

అర్పణ వచ్చింది. బొమ్మలు చూసి మురిసిపోయింది. "ఇద్దరివీ ఒక్క చేతిలా ఉన్నాయే," అంది.

"మా అత్తగారు నేర్పింది," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అప్పుడే కావాలని ఊరు చుట్టి, చెరువు గట్టు మీదుగా, ఉత్తరం వైపు నుంచి ఫూల్‌పరి వచ్చి నిలబడింది. అరుగు మీద చేపలన్నీ గిర్రున అటు తిరిగాయి.

విభ నూతన్ బొమ్మలు చూసింది. నూతన్ విభ బొమ్మలు చూసింది.

"అంటే నువ్వూనా?" అంది విభ.

"రంగులు నావేనక్కా," అని గొణిగింది నూతన్. సిగ్గుతో ఆమె తల లేవలేదు.

అర్పణ అరుగు దిగి ఫూల్‌పరి దగ్గరికి వెళ్ళింది. "నీ పేరేంటమ్మా?"

బొమ్మల విషయంలో ఫూల్‌పరిని ఆ మాట అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. కోపం, సంతోషం రెండూ కలిసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఫూల్‌పరి దేవి."

అర్పణ పుస్తకంలో రాసుకుంది. ఫూల్‌పరికి చదువు రాదు. అయినా మెడ చాచి ఆ కాగితం వంక చాలాసేపు చూసింది.

"పక్కన ఇంకెవరి పేరూ లేదు కదమ్మా?"

"లేదు. నీదొక్కటే."

"చదివి వినిపించండి," అంది ఫూల్‌పరి.