బయటపడిన కుటుంబం

గొడ్డలి మొదటి దెబ్బ గేదె వెనక కాలి మీద పడేసరికి బొంగురమ్మ ఇంకా పొదుగు దగ్గరే కూర్చుని ఉంది. సగం నిండిన చెంబు చేతిలోంచి ఎగిరిపోయింది. గేదె ముందుకు దూకబోయి, కాలు మడతపడి, ఆమె మీదికే ఒరిగింది. ఆమె పక్కకు దొర్లకపోతే ఆ బరువు కింద ఎముకలు మిగిలేవి కావు. లేచి చూసేలోపే రెండో కాలి మీదా దెబ్బ పడింది. పాలూ నెత్తురూ కలిసి పేడలోకి పారుతున్నాయి.

గొడ్డలి పట్టుకున్నది పరాయివాడు కాదు, ఆమె బావగారు. మొగుడికి తోడబుట్టిన అన్న, ఇటుకల బట్టీలో మేస్త్రీ. అతని వెనక పారకర్రలు పట్టుకుని బట్టీ మనుషులు నలుగురు నిలబడ్డారు.

"నీ చేతులు పడిపోను! నోరులేని గొడ్డు నిన్నేం చేసింది బావా?"

"గేదె ఉంది, బట్టీకి రానన్నావుగా" అన్నాడు మేస్త్రీ. రొప్పుతున్నాడు. "ఇప్పుడు గేదె లేదు. రేపు పొద్దున్నే రా."

బొంగురమ్మ వంగి చెంబు అందుకుంది. వంగినదల్లా లేస్తూనే అతని మొహం మీద కొట్టింది. కనుబొమ్మ చిట్లింది. మేస్త్రీ తూలాడు గానీ పడలేదు. వెనకవాళ్లలో ఒకడు కర్ర ఎత్తి ఆమె ముంజేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. రెండో దెబ్బ వీపు మీద పడింది. మూడోది ఎక్కడ పడిందో తెలియలేదు.

బొంగురమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ఏళ్ల తరబడి బట్టీలో బూడిద ఎత్తగా గొంతులో మిగిలిన పేరు. ఎంత అరిచినా ఆ గొంతు పక్కింటికి కూడా సరిగ్గా వినపడదు. ఆ రోజు మాత్రం వీధి మొత్తం విన్నది. విని తలుపులు గడియ పెట్టుకుంది.

గడ్డిమోపుతో వచ్చిన మొగుడు మోపు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. కొట్టడానికి కాదు, అన్న కాళ్లు పట్టుకోవడానికి. "అన్నా! వద్దన్నా! నీకు దండం పెడతా అన్నా!" అన్నాడు. గొడ్డలి ఎత్తినవాణ్ణి కూడా అన్నా అనే పిలవాలి, ఆ ఇంటి మర్యాద అలాంటిది. అన్న మాత్రం అంత మర్యాద పాటించలేదు. గుండెల మీద తన్నాడు.

పోతూ పోతూ మేస్త్రీ తలుపు మీది నీలం రంగు రేకు బోర్డును గొడ్డలి కామతో టకటకా కొట్టాడు.

"మిగతా ఇళ్లు వెతుక్కోనక్కర్లేదురా" అన్నాడు తన మనుషులతో. "ఎవరెవరు బయటపడ్డారో తలుపుల మీదే రాసి పెట్టారు."

నలుగురూ నవ్వారు.

ఆ బోర్డు కథ చెప్పాలి. ఆ ఊళ్లో చాలామందికి బట్టీయే దిక్కు. ఆలుమగలు రోజంతా మట్టిలో వంగి వెయ్యి ఇటుకలు కోస్తే ఆ రోజుకు తిండి. వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ వెయ్యీ కోయనట్టే. పిల్లకు జ్వరం వచ్చినా, ముసలమ్మ చచ్చిపోయినా బట్టీ ఆసామి దగ్గర అడ్వాన్సు, ఆ అడ్వాన్సుకు మళ్లీ ఇటుకలు. అలాంటి చోటికి రెండేళ్ల కిందట ఒక సంస్థ వచ్చింది. ఆరిళ్లకు తలా ఒక గేదెను ఇచ్చింది, గడ్డి పెంచడం నేర్పింది, పాలకేంద్రం తెరిచింది. రెండు పూటల పాలకు వచ్చేది బట్టీలో ఇద్దరి కూలి కంటే ఎక్కువే. మంచిపనే, కాదంటే కళ్లు పోతాయి. కానీ చేసిన మంచి నలుగురికీ కనపడకపోతే సంస్థలకు నిద్రపట్టదు కదా! అందుకని ఆరు తలుపుల మీదా ఆరు బోర్డులు కొట్టారు. 'పేదరికం నుంచి బయటపడిన కుటుంబం' అని తెల్లటి అక్షరాలు. సంస్థ సారు స్వయంగా మేకులు దిగ్గొట్టాడు. వాటిని చూసి మిగతావాళ్లకు ధైర్యం వస్తుందనుకున్నాడు పాపం.

ధైర్యం సంగతేమో గానీ, ఆసామికి కోపం వచ్చింది. బట్టీ అంటించే రోజులు దగ్గరపడ్డాయి, మట్టి తొక్కేవాళ్లు చాలడం లేదు. ఆ ఆరిళ్లవాళ్లు ఎటూ రావడం లేదు. వాళ్లను చూసి మిగతావాళ్లు కూలి పెంచమంటున్నారు. "కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందిరా! సొంత మరదల్ని తేలేనివాడివి నువ్వేం మేస్త్రీవి?" అని అందరి ముందూ మేస్త్రీని చెప్పుతో కొట్టాడు. ఆసామి చెప్పుకు జవాబు చెప్పలేని చెయ్యి తమ్ముడింటి గేదె మీద లేచింది. లోకంలో కోపం ఎప్పుడూ పల్లానికే పారుతుంది.

గేదె చావలేదు. అదే ఘోరం. ముందుకాళ్ల మీద లేవబోవడం, కూలబడడం, మళ్లీ లేవబోవడం. దూడ కట్టు తెంచుకునేలా గింజుకుంటోంది. మొగుడు గోడకు ఆనుకుని గుండె పట్టుకుని ఏడుస్తున్నాడు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని బొంగురమ్మ గేదె మెడ నిమురుతోంది.

ఇంట్లోంచి అత్త వచ్చింది. మేస్త్రీకీ, బొంగురమ్మ మొగుడికీ తల్లి. చేతిలో కూరలు తరిగే కత్తి ఉంది.

"లే కోడలా" అంది. "ఇంకా ఎంతసేపు దాన్ని అలా ఉంచుతావు?"

మొగుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ముసలామె గేదె తల మీద మోకాలు ఆనించి గొంతు కోసింది. ఆ కత్తికి అంత పెద్ద గొంతు ఒక్కసారికి తెగదు. పళ్లు బిగించి, చెయ్యి మార్చి మార్చి కోసింది. గేదె కదలడం మానేశాక చేతులు కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చుంది.

కబురు అంది సంస్థ సారు మోటారు సైకిలు మీద వచ్చాడు. చూసి గోడ పక్కకు వెళ్లి కక్కుకున్నాడు. అతని కళ్లలో తిరిగిన నీళ్లు నిజమైనవే.

"ముందు ఆస్పత్రికి పోదాం పదండమ్మా" అన్నాడు. ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. సంస్థకు డబ్బిచ్చే పెద్దలు ఇవాళే ఊరు చూడ్డానికి వస్తున్నారు, దారిలో ఉన్నారు. ఇక్కడ కొట్లాటలని తెలిస్తే మొత్తం ఆపేస్తారు. పాలకేంద్రం షెడ్డు చూస్తే ఆసామిదాయె, ఖాళీ చెయ్యమంటాడు. గేదె రోగంతో పోయిందందాం. అలా అయితే బీమా కూడా వస్తుంది. నెల తిరక్కుండా మీకు ఇంకో గేదె ఇప్పిస్తాను, నాదీ పూచీ."

"నరికారని చెబితే?"

"బీమా రాదమ్మా. కేసనీ, సాక్ష్యాలనీ ఏళ్లు పడుతుంది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది అతని పరిస్థితి. కానీ పాము నోట్లో ఉన్నది అతను కాదు.

"ఒప్పుకోవే" అన్నాడు మొగుడు. "ఇంకో గేదె వస్తుందంటున్నారుగా. లేకపోతే రేపటి నుంచి బట్టీకే పోవాలి." సారు తెచ్చిన తాడు అందుకుని గేదె ముందుకాళ్లకు కట్టసాగాడు. సారు పిలిపించిన ట్రాక్టరు వీధి మొదట్లో సిద్ధంగా ఉంది.

బొంగురమ్మ మంచి చేత్తో ఆ ముడి విప్పింది. అతను మళ్లీ కట్టాడు. ఆమె పళ్లతో పట్టి లాగి మళ్లీ విప్పింది.

"రోగమంటే ఇవాళ మనకు ఇంకో గేదె వస్తుంది" అంది. ఆ బొంగురు గొంతు వినడానికి సారు ముందుకు వంగాల్సి వచ్చింది. "రేపు ఇదే రోగం పక్కింటికి వస్తుంది. ఎల్లుండి ఆ పక్కింటికి. గొడ్డలి పట్టుకుని తిరిగే రోగానికి మందేముంది సారూ? రోగమని నేను చెప్పను. గేదెను కదలనివ్వను. బట్టీకీ పోను."

"మరి ఏం తింటామే?" మొగుడు గట్టిగా అరిచాడు. "మట్టి తింటామా?"

ఆమె చెయ్యి వాచిపోయి నల్లబడుతోంది. గేదె కాళ్లకు అడ్డంగా కూర్చుంది.

"పెద్దమ్మా, మీరైనా చెప్పండి" అన్నాడు సారు గుమ్మం వైపు తిరిగి.

ముసలామె లేచింది. వచ్చి గేదె తల దగ్గర, కోడలికి ఎదురుగా కూలబడింది.

"చెబుతా నాయనా. రానీ వాళ్లను" అంది. "కాళ్లు నరికింది నా పెద్దకొడుకు. గొంతు కోసింది నేను. ఇందులో రోగం ఎక్కడుందో వాళ్లనే వెతుక్కోమంటా."

"అమ్మా!" అన్నాడు చిన్నకొడుకు. "వాణ్ణి జైల్లో పెడతారే!"

"తెలుసురా" అంది ఆమె. "తెలియకుండా అంటానా? వాణ్ణీ నేనే కన్నాను."

ఎదురింటి గడియ తీసిన చప్పుడైంది. తలుపు కొంచెమే తెరుచుకుంది, ఎవరూ బయటికి రాలేదు. వీధి మొదట్లో పెద్ద కారు ఒకటి మలుపు తిరిగి, ట్రాక్టరు అడ్డం ఉండడంతో ఆగింది. హారను కొట్టింది. మొగుడు తాడు వదల్లేదు, లాగనూ లేదు.

ట్రాక్టరు పక్కన, కనుబొమ్మకు గుడ్డ కట్టుకుని తిరిగొచ్చిన మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ముసలామె చూపు అతని మీద పడింది. కారు తలుపులు తెరుచుకుంటున్నాయి. ఆమె నెత్తురు ఎండిన చెయ్యి ఎత్తింది. చిన్నప్పుడు అన్నానికి పిలిచినట్టే పిలిచింది.

"ఇలా రారా."