లీకు లేని పైపు

శత్రువు మా కారు షెడ్డులోనే ఉన్నాడు, తలలకు జానెడు ఎత్తున. వాణ్ణి అక్కడ బిగించింది నేనే.

ఉదయగిరిలో మా ఇంటి పక్క షెడ్డులో కారుకంటే చెక్క గరిటెలకే చోటు ఎక్కువ. నా భార్య నిరోష, పక్కింటి జైతూన్‌బీ గోడవారగా పీటలేసుకుని వాటిని చెక్కుతారు. నగిషీ సందుల్లోని పొడిని నోటితో ఊది ఊది ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. ఆత్మకూరులో ఒక పంక్చర్ షాపు ఎత్తేస్తుంటే దాని కంప్రెసర్ కొనుక్కొచ్చాను. రొద భరించలేక పెరట్లో పెట్టాను. అక్కణ్ణుంచి షెడ్డులోకి గాలి రావాలంటే పైపు కావాలి.

పైపు కొనడమా? నేనా? ఎండిపోయిన బోరు నుంచి తొట్టికి వేసిన ప్లాస్టిక్ పైపులు ఏళ్ల తరబడి మిద్దె మీదే పడి ఉన్నాయి. వాటినే కోసి, జిగురుతో అతికి, వాళ్ల తలల మీదుగా గోడకు బిగించాను. గాలి వదిలి అతుకులకు సబ్బునురగ పూశాను. ఒక్క బుడగ లేదు.

“చూడండి, లీకు లేదు!”

“టైరు కూడా పేలేదాకా లీకవదు సురేశా,” అంది జైతూన్‌బీ పని ఆపకుండానే.

“పది కేజీల ఒత్తిడికి ఆగతాదని దీని మీదే అచ్చేసి ఉండాది బూబమ్మా. మన గాలి ఎనిమిదే.”

“అది నీళ్లకు,” అంది నిరోష. “నీళ్ల పైపు పగిలితే తడుస్తాం. గాలి పైపు పగిలితే ముక్కలొచ్చి కండ్లల్లో దిగతాయి. ఎండకు మిద్దె మీద ప్లాస్టిక్ కుర్చీ ఏమయిందో మర్చిపోయినావా?”

మర్చిపోలేదు. అది విరిగినప్పుడు అందులో ఉన్నది నేనే.

“అంత నమ్మకముంటే నువ్వే కూర్చో,” అని ఇద్దరూ గరిటెలు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయారు.

పౌరుషం పొడుచుకొచ్చింది. నిరోష పీట మీద కూర్చున్నాను. హెల్మెట్ పెట్టుకున్నాను.

“అదెందుకయ్యా?” వీధిలోంచి నిరోష.

“దుమ్ముకు.”

పెరట్లో మోత ఆగింది. కంప్రెసర్ ట్యాంకు గాలితో నిండింది. గరిటె అందుకున్నాను.

ఢాం!

కళ్లు తెరిచేసరికి కారు కింద ఉన్నాను. ఎప్పుడు దూరానో తెలీదు. నా పొట్ట ఎలా పట్టిందో అసలే తెలీదు. హెల్మెట్ అద్దంలో, సరిగ్గా కుడికన్ను ముందు, కత్తిలాంటి ప్లాస్టిక్ ముక్క దిగి ఉంది. అంతకంటే పొడవైంది జైతూన్‌బీ పీటలో గుచ్చుకుని ఉంది.

“బతికుండావా?” పరిగెత్తుకొచ్చిన నిరోష గొంతులో ఎగతాళి లేదు.

“లీకయింది,” అన్నాను.

మర్నాడు ఆత్మకూరు వెళ్లాను. గాలి లైనుకని చెప్పి మరీ, మరలు తిప్పి బిగించే ఇనప పైపులు తెచ్చి వేయించాను. మొదటిసారి ట్యాంకు నిండేదాకా అందరం వీధిలోనే నిలబడ్డాం. ఏమీ కాలేదు. జైతూన్‌బీ లోపలికొచ్చి గరిటెతో పైపు మీద కొట్టింది. ఠంగుమంది. పీట వేసుకుని దాని కిందే కూర్చుంది.

“నువ్వూ కూర్చో,” అంది నిరోష.

ఈసారి హెల్మెట్ లేకుండా కూర్చున్నాను. గుండె నిబ్బరంగా ఉంది. ఇనుమంటే ఇనుమే.

వంటింట్లో కుక్కర్ కూసింది.

నేను కారు కింద ఉన్నాను.